దారి తప్పిన పిట్ట



గత నెల ఈ శీర్షికలో కోతల పండుగ కానుకలను గూర్చి వ్రాశాము. ఈ నెల మీకు ఒక ప్రయాణము సంగతి చెప్పవలెనని ఉన్నది. ఇది 2023 సెప్టెంబరులో జరిగిన ప్రయాణము. ఇంత ఆలస్యముగా ఎందుకు వ్రాస్తున్నారని మీరు అడుగవచ్చు. ఇందులో మా పాస్టరేటులోని ఒక కుటుంబపు సంగతి ఉన్నది, మేము చేసిన ఒక తప్పు సంగతి కూడా ఉన్నది. ఆ ఇంటివారు "వ్రాయండి అయ్యగారూ, మాలాంటి వాళ్ళు ఇంకొకరికి పనికొస్తుంది" అని చెప్పేవరకు మేము కలము పట్టలేదు.

స్కాట్లండు దేశములోని ఒక సంఘమువారికి, మా పాస్టరేటుకు చాలా కాలముగా ఉత్తర ప్రత్యుత్తరాలు ఉన్నవి. ఆ సంవత్సరము వారు మమ్మును ఆరు వారముల కొరకు పిలిచారు. మేము ఒక రిటైరైన స్కూలు మాస్టారుగారి ఇంట బస చేశాము. ఆయన సంఘ పెద్ద, నెమ్మదిగల మనిషి. ఆయనకు ఒకే ఒక్క పిచ్చి, అది పక్షుల పిచ్చి. మెడలో దుర్భిణి లేకుండా ఆయనను గుడిలో తప్ప మరెక్కడా చూడలేదు.

ఒకనాడు భోజనము దగ్గర ఆయన, "వచ్చే వారము నేను ఫెయిర్ ఐల్ ద్వీపానికి వెళ్తున్నాను. దూరదేశపు పిట్టలు దిగే కాలమిది. మీరు కూడా రాకూడదా?" అన్నారు. మాకు నవ్వు వచ్చింది. "మాస్టారూ, మా ఊరిలో చేను గట్టు మీద నిలబడితే కొంగలు, నీటికాకులు కావలసినన్ని కనబడతాయి. పిట్టను చూడటానికి సముద్రము దాటాలా?" అన్నాము. ఆయన కోపగించుకోలేదు. "వచ్చి చూడండి. ఆ పడవ పేరు విన్న తరువాత మీరు కాదనరు" అన్నారు. ఆ పడవ పేరు 'గుడ్ షెపర్డ్'. మంచి కాపరి! అదే పేరుతో వరుసగా వచ్చిన పడవలలో అది నాలుగవది. ఇక మేము కాదనలేకపోయాము.

అబర్డీన్ రేవులో సాయంకాలము పెద్ద ఓడ ఎక్కితే మరునాటి ఉదయము షెట్‌లాండ్ దీవులలోని లెర్విక్ పట్టణములో దిగాము. అక్కడనుండి బస్సులో ఆ దీవి దక్షిణపు కొసకు వెళ్ళి, గ్రట్‌నెస్ అనే చిన్న రేవులో మంచి కాపరి ఎక్కాము. అందులో 12 మంది ప్రయాణికులకు మాత్రమే చోటు. మనుష్యులతోపాటు ఉత్తరాల సంచులు, కిరాణా సరుకులు, గొర్రెల దాణా అన్నీ దానిలోనే వెళ్ళవలెను. గాలి ఎక్కువగా ఉంటే పడవ బయలుదేరదు. ద్వీపము రేవులో కూడా అలల తాకిడికి పడవ నిలువదు గనుక, చేరిన తరువాత దానిని ఒడ్డు మీదికి లాగి ఉంచేవారు.

మేము గోదావరి లంకల మధ్య పడవలెక్కి పెరిగినవారమే. అయినా ఆ రెండున్నర గంటల ప్రయాణములో మా కడుపులో ఏమియు నిలువలేదు. దగ్గర ఉన్న యౌవనస్థుడొకడు బకెట్టు తెచ్చి మా ముందు పెట్టి, "సిగ్గుపడకండి, అందరికీ ఇంతే" అన్నాడు. శిష్యులు తుఫానులో ప్రభువును ఎందుకు లేపారో మాకు ఆనాడు బాగుగా బోధపడింది.

ఫెయిర్ ఐల్ ద్వీపము ఆర్క్‌నీ దీవులకు, షెట్‌లాండ్ దీవులకు మధ్య సముద్రములో ఒంటరిగా ఉన్నది. పొడవు 5 కిలోమీటర్లు, వెడల్పు రెండున్నర కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కలలో అక్కడ 68 మంది ఉన్నారు. మన వైపు ఒక వీధిలోనే అంతకంటె ఎక్కువమంది ఉంటారు. చెట్లు దాదాపు లేవు. చుట్టూ ఎత్తయిన కొండచరియలు, పైన గడ్డి నేల, రాతి గోడలు, గొర్రెలు, తెల్లని సున్నపు ఇళ్ళు. ఒక చిన్న బడి, రెండు ప్రార్థనా మందిరాలు, రెండు దీపస్తంభాలు. దక్షిణపు దీపస్తంభములో 1998 మార్చి వరకు మనుష్యులే కాపలా ఉండేవారు. స్కాట్లండు మొత్తము మీద మనుష్యుల చేతినుండి యంత్రానికి మారిన ఆఖరి దీపస్తంభము అదే. ఇరవై నాలుగు గంటల కరెంటు అక్కడికి 2018లో వచ్చింది. అక్కడి స్త్రీలు అల్లే రంగు రంగుల ఉన్ని స్వెట్టర్లకు లోకమంతటా పేరున్నది.

ఇంత చిన్న చోటికి పక్షుల వలన పేరు ఎట్లు వచ్చినది? సముద్రము మీద రాత్రియంతా ఎగిరి అలసిన పిట్టకు, తెల్లవారి కనబడే మొదటి నేల అదే గనుక. ఈ సంగతిని బాగుగా గ్రహించి 1905నుండి అక్కడికి వెళ్ళి పరిశీలించినవారు ఎడింబరో మ్యూజియములో పనిచేసిన విలియం ఈగిల్ క్లార్క్ గారు. ఆ తరువాత వచ్చినవారు జార్జ్ వాటర్‌స్టన్ గారు. ఈయన కథ మన యౌవనస్థులు వినదగినది. రెండవ ప్రపంచ యుద్ధములో 1941లో క్రీటు ద్వీపమందు ఆయన శత్రువులకు చిక్కి, జర్మనీలో ఖైదీగా ఉన్నారు. ముళ్ళకంచె లోపల కూర్చుండి, ఇయన్ పిట్‌మన్ అనే తోటి ఖైదీతో కలిసి, విడుదల అయితే ఫెయిర్ ఐల్‌లో పక్షుల పరిశోధనా కేంద్రము ఎట్లు కట్టవలెనో కాగితముల మీద వ్రాసుకునేవారట. మూత్రపిండాల జబ్బు వలన 1943లో ఆయనను విడిచిపెట్టి ఓడ మీద ఇంటికి పంపారు. ఆ ఓడనుండి ఆయనకు కనబడిన మొదటి స్వదేశపు నేల ఫెయిర్ ఐల్! 1947లో ఆయన ఆ ద్వీపమును కొన్నారు. 1948లో నౌకాదళమువారు విడిచిపోయిన పాత షెడ్లలో పరిశోధనా కేంద్రము మొదలైంది. 1954లో ద్వీపమును స్కాట్లండు నేషనల్ ట్రస్టువారికి అప్పగించారు.

నాటినుండి ఆ ద్వీపములో 380 రకములకు పైగా పక్షులను చూచి వ్రాసిపెట్టారు. ఋతువులో ప్రతి దినము పనివారు ద్వీపమంతా నడిచి, కనబడిన ప్రతి పిట్టను లెక్కించి, సాయంకాలము అందరూ కూడినప్పుడు ఒక్కొక్క పేరు చదువుతారు. ఎవరెవరు ఎన్ని చూశారో చెబుతారు. బడిలో హాజరు పిలిచినట్లే. 2019 మార్చి 10న ఆ కేంద్రపు భవనము కాలిపోయింది. ప్రాణనష్టము కలుగలేదు. మేము వెళ్ళినప్పుడు దానిని తిరిగి కట్టే పని జరుగుచుండెను గనుక మేము ఒక రైతు ఇంట దిగాము.

ఆ ఇంటి యజమానురాలు మాకు ఇంకొక సంగతి చెప్పారు. 1588లో స్పెయిన్ దేశపు యుద్ధ ఓడ ఒకటి, ఎల్ గ్రాన్ గ్రిఫోన్ అను పేరుగలది, ఆ ద్వీపము రాళ్ళకు కొట్టుకొని బద్దలైనది. దాదాపు 300 మంది ఒడ్డెక్కారు. అప్పుడు ద్వీపములో ఉన్నవి 17 కుటుంబాలు. ఓడ ఎక్కించుకొనిపోయేవారు వచ్చేవరకు ఆ 17 కుటుంబాలే కొన్ని వారములు వారితో నివసించవలసి వచ్చింది. తిండి చాలక, చలికి తాళలేక ఆ స్పెయిన్‌వారిలో సుమారు 50 మంది అక్కడే చనిపోయారు. వారి జ్ఞాపకార్థము 1984లో స్పెయిన్‌నుండి వచ్చినవారు సమాధుల దొడ్డిలో ఒక ఇనుప సిలువ నిలిపారు. "ఈ ద్వీపానికి ఎవరూ కోరుకొని రారండీ. ఎక్కువమందిని గాలే తెస్తుంది, మనిషినైనా పిట్టనైనా" అన్నారామె.

మొదటి రెండు దినములు పడమటి గాలి. మాస్టారుగారి ముఖము వాడిపోయింది. పిట్టల కొరకు వచ్చినవారందరూ ప్రొద్దున లేవగానే ఆకాశము వైపు, జెండా గుడ్డ వైపు చూచేవారు. వారికి కావలసినది తూర్పు గాలి, దానితోపాటు కాస్త జల్లు. సైబీరియానుండి, రష్యానుండి దక్షిణముగా పోవలసిన చిన్న పిట్టలను ఆ గాలి సముద్రము మీదికి తోస్తుంది. జల్లు పడితే అవి దిగిపోతాయి. మాకు మనసులో బాధ కలిగింది. రైతులు మంచి వాతావరణము కొరకు ప్రార్థించుచుండగా వీరు చెడ్డ వాతావరణము కొరకు ఎదురుచూచుచున్నారేమా అనుకున్నాము.

మూడవ దినము గాలి తిరిగింది. సన్నని జల్లు. తెల్లవారగానే పదునాలుగుమందిమి రాతి గోడ ప్రక్కన వరుసగా నడిచాము. ముందువారు చెయ్యి ఎత్తితే అందరూ ఆగవలెను. మాటలాడకూడదు. చెట్లు లేని చోట పిట్ట దాగుకొనుటకు కాలువ గట్టు, రాతి గోడ సందు, కూరదుంపల మడి తప్ప వేరే చోటు లేదు. వారు వెదకుచున్నవి పెచోరా పిపిట్, లాన్సియోలేటెడ్ వార్బ్లర్ అను సైబీరియా పిట్టలు. ఆ రెండవది ఎగురుటకంటె ఎలుకవలె గడ్డిలో ప్రాకుటకే ఇష్టపడుతుందట. మనిషి కాళ్ళ మధ్యనుండి కూడా పోతుందని చెప్పారు. మా బూట్లలోనికి నీరు దిగింది. ముక్కు కారుచున్నది. మా ఊరివారు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అనుకున్నాము.

దుంపల మడి చివర ఎవరో చెయ్యి ఎత్తారు. అందరూ ఆగిపోయారు. ఆకుల క్రింద ఏదో కదిలింది. గోధుమ రంగు, కనుబొమ్మ దగ్గర సన్నని తెల్లని గీత, మన పిచ్చుక కంటె చిన్నది. అందము ఏమియు లేదు. దుర్భిణులన్నీ ఒకేసారి లేచాయి. ఒకరు ఇదనగా, ఒకరు అది కాదనిరి. అంతలో ఆ పిట్ట "చెక్... చెక్" అన్నది.

మాకు ఒళ్ళు జలదరించింది. ఆ శబ్దము మేమెరుగుదుము! మా పాస్టరు బంగళా వెనుక తుమ్మకంప ఉన్నది. ప్రతి శీతకాలము తెల్లవారుజామున మేము ప్రార్థనకు లేచేసరికి ఆ కంపలోనుండి వచ్చే చప్పుడు అదే. ఆగలేక, "మాస్టారూ, ఇది మా ఇంటి వెనుక ఉండే పిట్ట!" అని గట్టిగా అనేశాము. పదమూడు తలలు మా వైపు తిరిగినవి.

మధ్యాహ్నము ఆ పిట్ట వారు పెట్టిన ఇనుప తీగల బోనులోనికి వెళ్ళింది. కాలువ మీద పెద్ద గరాటువలె వల కట్టి, చివర చిన్న పెట్టె పెడతారు. జర్మనీవారి హెలిగోలాండ్ దీవిలో మొదట వాడినది గనుక దానిని హెలిగోలాండ్ బోను అంటారు. ఒక యౌవనస్థుడు పిట్టను రెండు వ్రేళ్ళ మధ్య మెడ నొక్కకుండా పట్టుకొని, రెక్క ఈకలను కొలబద్దతో కొలిచాడు. బరువు 11 గ్రాములు.  "బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. ఈ సంవత్సరము పుట్టిన పిల్ల" అని చెప్పి, దాని కాలికి నంబరుగల చిన్న అల్యూమినియము కడియము తొడిగాడు.

ఆ పేరులోని బ్లైత్ గారు మన దేశములో పనిచేసినవారే. ఎడ్వర్డ్ బ్లైత్ గారు 1841నుండి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమును చూచుకొనిరి. 1849లో ఈ పిట్టకు శాస్త్రీయ నామము పెట్టినది ఆయనే. ఆ లాటిను మాటకు కంపలలో ఉండేది అని అర్థము. అది ఫిన్లండ్ మొదలుకొని రష్యా, సైబీరియా వరకు వేసవిలో గూడు కట్టి పిల్లలు చేసుకొని, చలి రాకముందే మన దేశానికి, శ్రీలంకకు వస్తుంది. ఫిన్లండ్‌నుండి మా ఊరికి 6 వేల కిలోమీటర్లకు పైగా దూరము. మళ్ళీ ఏప్రిల్, మే నెలలలో తిరిగి వెళ్తుంది. ఒక్క ప్రక్క మనము కరెంటు బిల్లు గూర్చి గొణుగుకొనుచుండగా, మన కంపలోనికి ఇంత ప్రయాణము చేసినవారు వచ్చి దిగుచున్నారు.

"మీ దొడ్డిలో ఎన్ని ఉంటాయి?" అని ఒకాయన అడిగారు. "ఎన్నడును లెక్కపెట్టలేదు, అసలు ఎన్నడును చూడలేదు, వినడమే" అన్నాము. అందరూ నవ్వారు. ఆ నవ్వులో మేమును కలిశాము గాని, మనసులో సిగ్గు కలిగింది.

యౌవనస్థుడు అరచెయ్యి తెరిచాడు. పిట్ట క్షణమాగి, గోడ వైపుకు ఎగిరిపోయింది. అందరి ముఖములలో సంతోషము. అప్పుడు మేము మాస్టారుగారిని అడిగాము: "ఇది ఇప్పుడు మా ఊరికి ఎట్లు వస్తుంది?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపటికి, "చాలావరకు రావండీ. ఇక్కడినుండి పడమటికి వెళ్తే అంతా అట్లాంటిక్ సముద్రమే" అన్నారు. "మాకు సంతోషమైన దినము, దానికి కష్టమైన దినము. నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఈ సంగతి నా మనసులోనుండి పోలేదు."

"అయితే అది ఏమి తప్పు చేసినది?" అని అడిగాము. మేము పాస్టరులము గనుక మాకు ఆ ప్రశ్నే వచ్చింది.

ఆయన చెప్పినది ఇది. ఇటువంటి చిన్న పిట్టల పిల్లలు తల్లిదండ్రులతో కలిసి రావు. పుట్టిన రెండు మూడు నెలలకే, ఎన్నడూ చూడని దేశానికి, రాత్రివేళ, ఒంటరిగా బయలుదేరుతాయి. ఎటు పోవలెనో దాని లోపలనే ఉంచబడినది. నక్షత్రాలు, సూర్యుడు, భూమి అయస్కాంత శక్తి దానికి గురుతులు. వేలకొలది పిల్లలలో ఏదో ఒకదానికి లోపలి దిక్కు తిరగబడుతుంది, లేక బలమైన గాలి ప్రక్కకు తోస్తుంది. శరత్కాలములో దారి తప్పి దిగేవాటిలో ఎక్కువ ఆ సంవత్సరపు పిల్లలే. "మీ ఊరు చేరిన పిట్ట ఎంత కష్టపడి ఎగిరిందో ఇదీ అంతే కష్టపడింది పాస్టరుగారూ. తిరుగుబాటు ఏమీ చేయలేదు. చెప్పినట్లే ఎగిరింది" అన్నారాయన.

తప్పిన ప్రతి పిట్ట నశించిపోతుందని కూడా చెప్పలేమన్నారు. రిచర్డ్స్ పిపిట్ అనే సైబీరియా పిట్ట శీతకాలములో దక్షిణ ఆసియాకు పోవలసినది. వాటిలో కొన్ని ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగములో శీతకాలము గడిపి, తిరిగి వెళ్ళి, మరుసటి సంవత్సరము అక్కడికే వచ్చుచున్నవని 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తప్పిపోయి చేరిన చోటే వాటికి క్రొత్త దారి అయినది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కిటికీకి గాలి కొట్టుచుండెను. మా కన్నుల ముందు ఒక తల్లి ముఖము నిలిచింది.

మా పాస్టరేటులో ఒక కుటుంబమున్నది. తండ్రి కౌలు రైతు. వారి చిన్న కుమారుడు 2019లో కువైటుకు వెళ్ళాడు. ఏజెంటు చెప్పినది ఇంటి డ్రైవరు పని. అప్పు చేసి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టారు. మేమే ప్రార్థన చేసి పంపాము. మొదట డబ్బు వచ్చింది, ఫోను వచ్చింది. 2021 తరువాత రెండూ ఆగిపోయినవి. ఊరిలో మాట పుట్టింది. అక్కడ చెడ్డ సహవాసము పట్టాడని ఒకరు, ఇంకొక కుటుంబము పెట్టుకున్నాడని ఒకరు. మేము విచారించలేదు. 2022లో ఒక ఆదివారము తప్పిపోయిన కుమారుని గూర్చి ప్రసంగించాము. పేరు చెప్పలేదు గాని, దూరదేశము, దుర్వ్యాపారము, కన్నవారిని మరచిపోవుట అని గట్టిగానే చెప్పాము. సంఘమంతా ఆ తల్లి వైపు చూచుట మేము బలిపీఠము దగ్గరనుండి చూచియు ఆపలేదు. ప్రసంగము బాగున్నదని కమిటీవారు మెచ్చుకున్నారు. ఆ తరువాతి ఆదివారమునుండి ఆమె గుడికి రాలేదు. పశ్చాత్తాపము లేదు గనుక రావడములేదని మేము అనుకున్నాము. పశ్చాత్తాపము ఎవరికి లేదో ప్రభువునకు తెలియును.

లేచి దీపము పెట్టి లూకా సువార్త 15వ అధ్యాయము తీశాము. ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. అందులో తప్పిపోయినవి మూడు. గొర్రె, నాణెము, కుమారుడు. కుమారుడు తన ఇష్టముతో వెళ్ళాడు. నాణెము చేసిన తప్పేమున్నది? అది ఎవరి చేతినుండియో జారిపోయింది. దానికి బుద్ధి చెప్పుటకు ఎవరును ప్రయత్నించలేదు. దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, వెదికారు. ఇరవై సంవత్సరాలుగా తప్పిపోయిన వారందరికీ మేము మూడవ ఉపమానమే చెప్పుచు వచ్చాము. అది చెప్పుట సులువు. మొదటి రెండూ చెప్పితే మనమే లేచి వెదకవలసి వచ్చును.

ఇంకొక మాట కూడా తట్టింది. మన తెలుగులో పిట్టల ప్రయాణానికీ, పొట్టకూటి కొరకు ఊరు విడిచిన మనుష్యుల ప్రయాణానికీ ఒకే మాట ఉన్నది. వలస. పిట్ట వలస వచ్చిందంటే చూడబోతాము. మనిషి వలసలో తప్పిపోయాడంటే వాడిదే తప్పంటాము.

అక్టోబరులో ఇల్లు చేరాము. పెట్టె విప్పకముందే మరునాటి ఉదయము ఆ ఇంటికి వెళ్ళాము. ఆ తల్లి దూడకు గడ్డి వేస్తున్నది. మమ్మును చూచి కొంగు సర్దుకొని, "రండి అయ్యగారూ" అన్నది గాని కుర్చీ వేయలేదు. మేము నిలబడియే, "అమ్మా, ఆ దినము మేము చేసిన ప్రసంగము తప్పు. మీ అబ్బాయి సంగతి మిమ్మును అడుగకుండానే మాటలాడాము. మమ్మును క్షమించండి" అన్నాము. ఆమె చాలాసేపు గడ్డి వైపే చూచుచుండెను. తరువాత లోపలికి వెళ్ళి ఒక పాత ఫోను తెచ్చింది. అందులో కుమారుని గొంతు ఉన్నది. ఆరు నెలల క్రిందట ఎవరిదో ఫోనునుండి పంపినది.

డ్రైవరు పని అని తీసుకొని వెళ్ళి ఎడారిలో గొర్రెలు కాయుటకు పెట్టారట. జీతము ఇవ్వలేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకున్నాడు. తాళలేక పారిపోయి వచ్చాడు. యజమాని అనుమతి లేకుండా బయట పనిచేసేవారిని అక్కడ మనవాళ్ళు 'ఖల్లివెల్లి' అంటారు. పోలీసులకు దొరికితే జైలు. అప్పు తీర్చలేని ముఖముతో ఇంటికి ఫోను చేయలేక మానుకున్నాడు. "గుడిలో నా గురించి ఏమనుకుంటున్నారమ్మా" అని ఆ మాటలలో అడిగాడు. ఆమె మా ముఖము చూచింది. మాకు జవాబు లేకపోయింది.

"మీకు ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అని అడగబోయి ఆగిపోయాము. మాతో ఎట్లు చెప్పును?

ఆ వారమే సంఘ పెద్దలను ఇద్దరిని, కువైటులో పనిచేసి వచ్చిన ఒక సహోదరుని తీసుకొని కూర్చున్నాము. అక్కడి తెలుగు విశ్వాసుల కూటమువారితో మాటలాడించాము. నాలుగు నెలలు వారు వీరు వెదికి అతని జాడ పట్టుకున్నారు. 2024 మార్చి 17నుండి కువైటు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించింది. అనుమతి పత్రాలు లేనివారు జరిమానా, జైలు లేకుండా దేశము విడిచి పోవచ్చును. మొదట జూన్ 17 వరకని చెప్పి, తరువాత నెలాఖరు వరకు పొడిగించారు. పాస్‌పోర్టు లేనివారికి మన రాయబార కార్యాలయము ఔట్ పాస్ ఇచ్చింది. జూన్ నెలలో ఆ అబ్బాయి ఇల్లు చేరాడు. చిక్కి సగమైనాడు. అప్పు ఇంకను ఉన్నది. ఇప్పుడు ఊరిలో ట్రాక్టరు తోలుచున్నాడు. వచ్చిన మొదటి రెండు నెలలు గుడికి రాలేదు. మేము పిలువలేదు. మేమే వారి ఇంటికి వెళ్ళుచు వచ్చాము. ఒక ఆదివారము తల్లి కుమారుడు కలిసి వచ్చి వెనుక చాప మీద కూర్చున్నారు. ఆనాడు మేము ఏ ప్రత్యేక ప్రసంగమును చేయలేదు.

ప్రియ పాఠకులారా, కథ చెప్పి ఊరుకొనుట మా ఉద్దేశము కాదు. మీ సంఘములలో ఈ పని చేయుడని వేడుకొనుచున్నాము. ఊరు విడిచి పనికి వెళ్ళినవారి పేర్లు ఒక పుస్తకములో వ్రాయండి. గల్ఫ్ అయినా, హైదరాబాదు అయినా, బెంగుళూరు అయినా వ్రాయండి. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, యజమాని పేరు, ఇద్దరు స్నేహితుల ఫోను నంబర్లు పుస్తకములో ఉండవలెను. విదేశమునకు పంపే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చును. చదువుకున్న పిల్లలచేత చూపించుకొని తరువాతనే డబ్బు కట్టండి. నెల రోజులు ఎవరినుండియు కబురు లేకపోతే, ఏమి చేసి ఉంటాడో అని మాటలాడుకొనకముందు, ఎక్కడ ఉన్నాడో అని విచారించండి.

మా సంఘములో ఇప్పుడు ప్రతి శనివారము రాత్రి ప్రార్థనలో ఆ పుస్తకము తెరిచి పేర్లు చదువుచున్నాము. ఫెయిర్ ఐల్‌లో సాయంకాలము పిట్టల పేర్లు చదివే సంగతి విని నేర్చుకున్నదే ఇది. ఇప్పటికి 43 పేర్లు ఉన్నవి. పేరు చదువగానే ఇంటివారు "ఫోను వచ్చిందండి" అంటారు. ఒక్కొక్కసారి ఎవరును పలుకరు. అప్పుడు ఆ పేరు దగ్గర ఆగుతాము. సోమవారము పెద్దలలో ఒకరు ఆ ఇంటికి వెళ్తారు. పిచ్చుకలలో ఒక్కటియు తండ్రికి తెలియకుండ నేలను పడదని మన ప్రభువు చెప్పినది మనకు కంఠస్థమే. 11 గ్రాముల పిట్టకు నంబరు వేసి లెక్క పెట్టుకొను మనుష్యులున్నారు. మన పిల్లల లెక్క మన దగ్గర ఉండనక్కరలేదా?

ఈ మాటలు వ్రాయుచుండగా తెల్లవారుచున్నది. బంగళా వెనుక తుమ్మకంపలో "చెక్... చెక్" అని వినబడుచున్నది. ఈ ఏడాది కూడా వచ్చినవి. నిన్న మొదటిసారిగా లెక్క పెట్టాము. మాకు కనబడినంతవరకు నాలుగు. పొయ్యిలోనికి కంప కొట్టించుదామని మా ఇంటివారు అన్నారు గాని, అవి తిరిగి వెళ్ళే మే నెల వరకు ఆగుదామని చెప్పాము.